సరుకులకు తక్కువసార్లు వెళ్తే ఆదా ఎక్కడ పుడుతుంది?

ఇంటి ఖర్చు తగ్గించుకోవడానికి ఇచ్చే సలహాల్లో, సరుకుల కోసం దుకాణానికి వెళ్లే సార్లు తగ్గించుకొమ్మన్నది పాతదే, పైకి చూస్తే తిరుగులేనిదే. అయితే ఒక్క ప్రశ్న అడిగితే ఆ సలహా తడబడుతుంది. ఇంట్లో తినేవాళ్ల సంఖ్య తగ్గలేదు, వాళ్ల ఆకలీ తగ్గలేదు. వారానికి మూడుసార్లు వెళ్లినా ఒక్కసారే వెళ్లినా ఆ వారానికి పట్టే ధాన్యం, పప్పు, నూనె, సబ్బు అంతే. మూడు చిన్న బిల్లులకు బదులు ఒక పెద్ద బిల్లు వచ్చినంత మాత్రాన మిగిలేది దారి ఖర్చు, కొంత సమయం మాత్రమే. కాబట్టి ఖర్చు నిజంగా తగ్గిన ఇళ్లలో ఆ డబ్బు మరెక్కడో మిగిలి ఉండాలి. ఎక్కడ మిగులుతుందో తెలుసుకోకుండా సార్లు మాత్రం తగ్గించిన ఇంట్లో ఖర్చు తగ్గకపోవడమే కాదు, పెరిగే అవకాశం కూడా ఉంది.

ముందు దుకాణంలో జరిగేదాన్ని చూడాలి. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ స్వయంసేవా దుకాణం తెరిచే నాటికి, అక్కడ సరుకులు కొనడమంటే సాధారణంగా బల్లకు ఇవతల నిలబడి కావలసినవి చెప్పడం, అవతల ఉన్న గుమాస్తా ఒక్కొక్కటి తీసి ఇవ్వడం. అడిగినది తప్ప వేరే వస్తువు చేతికి వచ్చే అవకాశం తక్కువ. స్వయంసేవతో కొనేవాళ్లే అరల మధ్యకు నడిచి వెళ్లడం మొదలైంది, అడగని వస్తువు కూడా చేతికి అందేంత దూరంలోకి వచ్చింది. 1937లో ఓక్లహోమా సిటీలో దుకాణాలు నడిపే సిల్వన్ గోల్డ్‌మన్ చక్రాల బండిని ప్రవేశపెట్టాడు. చేతిలోని బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారన్న గమనిక దానికి మూలం. ఈ రెండు మార్పులూ సరుకుల ఖర్చు మీద చర్చకు దగ్గరి సంబంధం ఉన్నవే. మొదటిది దుకాణంలో గడిపే ప్రతి నిమిషాన్నీ ఒక నిర్ణయంగా మార్చింది. రెండోది, చేతులు నొప్పెడితే ఆగిపోయే సహజమైన హద్దును తీసేసింది. తక్కువసార్లు, ఎక్కువ మొత్తంలో కొనే పద్ధతి మొదటిదాని బెడదను తగ్గిస్తూనే రెండోదాని బెడదను పెంచుతుంది.

అనుకోకుండా కొన్నవన్నీ దుబారా కావన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1962లో హాకిన్స్ స్టెర్న్ అనే రచయిత ఇటువంటి కొనుగోళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు. కేవలం మనసు పడి కొనేది ఒకటి. అరలో చూడగానే ఇంట్లో అయిపోయిందని గుర్తొచ్చి కొనేది మరొకటి. అంతకుముందు ఎరగని వస్తువును చూసి, దానికొక అవసరాన్ని ఊహించుకుని కొనేది మూడోది. ధర తగ్గితే ఏదో ఒకటి తీసుకుందామని ముందే అనుకుని వెళ్లి కొనేది నాలుగోది. గుర్తొచ్చి కొన్నది ఎప్పటికైనా కొనవలసిందే కనుక అందులో నష్టం లేదు. ఖర్చును పెంచేవి మొదటిదీ మూడోదీ, కొంతవరకు నాలుగోదీ. సార్లు తగ్గించడం వల్ల ప్రయోజనం ఉంటే ఈ మూడింటిలోనే ఉండాలి.

ఇక్కడ సలహాకు ఎదురు నిలిచే ఆధారం ఒకటి ఉంది. డేవిడ్ కొల్లాట్, రొనాల్డ్ విలెట్ 1967లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నాచితకా కొనుగోళ్లకంటే పెద్ద కొనుగోళ్లలోనే ముందుగా అనుకోని వస్తువుల వాటా ఎక్కువని తేలింది. బిల్లు పెద్దదయ్యే కొద్దీ, కొన్న వస్తువుల సంఖ్య పెరిగే కొద్దీ అనుకోనివీ పెరిగాయి. డేవిడ్ బెల్, డేనియల్ కార్స్టన్, జార్జ్ నాక్స్ కలిసి 2011లో వెలువరించిన మరో పరిశోధన దీనికి ఒక కారణాన్ని సూచిస్తుంది. దుకాణానికి వెళ్లే ఉద్దేశం ఎంత అస్పష్టంగా ఉంటే అనుకోని కొనుగోళ్లు అంత పెరుగుతాయని అది చెబుతుంది. పాల కోసం వెళ్లినవాళ్లకు తమకేం కావాలో తెలుసు. ‘నెల సరుకులు తెద్దాం’ అని బయలుదేరినవాళ్లకు తెలిసింది చాలా కొనాలన్న సంగతి మాత్రమే. అంటే సార్లు తగ్గించడం అనే పని, దానంతట అదే, స్పష్టమైన చిన్న ఉద్దేశాలను తీసేసి అస్పష్టమైన పెద్ద ఉద్దేశాన్ని వాటి స్థానంలో పెడుతుంది. రాసుకున్న జాబితా లేకుండా చేసే నెలవారీ కొనుగోలు చాలా ఇళ్లలో నిరాశ మిగల్చడానికి కారణం ఇదే కావచ్చు.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఒక ఇంటివాళ్లు నెలకు 12 సార్లు దుకాణానికి వెళ్తూ, వెళ్లిన ప్రతిసారీ జాబితాలో లేనివి మూడు తెస్తున్నారనుకుంటే నెలకు అవి 36. అదే ఇంటివాళ్లు నాలుగుసార్లే వెళ్లడం మొదలుపెట్టి, పెద్ద కొనుగోలు కనుక ఒక్కోసారి ఆరు తెచ్చినా మొత్తం 24కు దిగుతుంది. తొమ్మిది తెస్తే మళ్లీ 36, పది తెస్తే 40. సార్లు మూడో వంతుకు తగ్గినప్పుడు ఒక్కోసారి తెచ్చే అనవసరపు వస్తువులు మూడు రెట్లకు చేరనంత వరకే లాభం. ఈ గీత దాటారా లేదా అన్నది ఇంటింటికీ మారుతుంది. అందుకే ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసిన పద్ధతి పక్కింట్లో బెడిసికొడుతుంది.

చిన్న కొనుగోళ్లన్నీ ఒక్కటి కావు. వాటిలో అన్నిటికంటే ఖరీదైనది, పొయ్యి దగ్గరకు వెళ్లాక ఏదో ఒక వస్తువు లేదని గుర్తించి పరుగెత్తే కొనుగోలు. అప్పుడు ధర పోల్చి చూసుకునే తీరిక ఉండదు, దగ్గరున్న దుకాణంలో ఏ పరిమాణం దొరికితే అదే తీసుకోవాలి, పైగా అది తరచు భోజనానికి ముందు వేళ. 1969లో రిచర్డ్ నిస్బెట్, డేవిడ్ కనౌస్ ప్రచురించిన అధ్యయనంలో, సాధారణ బరువు ఉన్నవాళ్లు తిండి తిని ఎక్కువసేపైన తరువాత దుకాణానికి వెళ్లినప్పుడు ఎక్కువ కొన్నారు. స్థూలకాయుల్లో ఆ ధోరణి కనిపించలేదు. ముందుగా నిర్ణయించుకున్న రోజున, కడుపు నిండిన వేళ చూసుకుని వెళ్లే వీలు కలగడం సార్లు తగ్గించడంలో ఉన్న ఒక నిశ్శబ్దమైన సౌకర్యం. సంఖ్య తగ్గించాలనుకునేవాళ్లు మొత్తం సార్లను గురించి ఆలోచించే బదులు, ముందు ఈ అత్యవసరపు పరుగులను లెక్కపెట్టుకోవడం మేలు.

దుకాణంలో మిగిలేది ఇంతవరకు. ఇంతకంటే పెద్ద ఆదా ఇంట్లో, రెండు కొనుగోళ్ల మధ్య ఉన్న ఎడంలో పుడుతుంది. దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కొన్న రోజున వంటింట్లో అన్నీ ఉంటాయి, ఎంచుకోవడం సులువు. నాలుగో రోజుకు ఇష్టమైనవి అయిపోతాయి. ఆరో రోజుకు మిగిలేవి సగం వాడిన కూరగాయలు, అడుగున ఉండిపోయిన పప్పు, ఎప్పుడో తెచ్చి మరిచిపోయిన డబ్బా. మరునాడు దుకాణానికి వెళ్లే అలవాటున్న ఇంట్లో ఆ మిగిలినవాటి జోలికి ఎవరూ పోరు. కొత్తవి వస్తాయి, పాతవి వెనక్కి జరుగుతాయి, కొన్నాళ్లకు చెత్తబుట్ట చేరతాయి. ఇంకో మూడు రోజులదాకా దుకాణానికి వెళ్లకూడదని నిశ్చయించుకున్న ఇంట్లో మాత్రం అవే వస్తువులు రెండు పూటల భోజనమవుతాయి. ఆ రెండు పూటలకు విడిగా డబ్బు ఖర్చు కాలేదు, ఎందుకంటే అదివరకే పెట్టిన ఖర్చు పారబోతగా మారకుండా ఆగింది. ఎడం పెంచడమంటే, సరిగా చూస్తే, ఒక్కసారి ఎక్కువ కొనడం కాదు. కొన్నది కొన్నట్టే ఉంచి, దాన్ని పూర్తిగా వాడేదాకా తరువాతి కొనుగోలును వెనక్కి నెట్టడం. వారం సరుకును తొమ్మిది రోజులు లాగడం ఒకటి, రెండు వారాల సరుకును ఒకేసారి మోసుకురావడం మరొకటి. రెండింటిలోనూ సార్లు తగ్గుతాయి, కానీ ఖర్చు తప్పకుండా తగ్గేది మొదటిదాంట్లోనే.

పారబోత చిన్న విషయమనుకునేవాళ్లకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన ఆహార వృథా సూచీ నివేదిక కళ్లు తెరిపిస్తుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే జరిగిందని, తలసరి గృహ వృథా ఏడాదికి 79 కిలోలని ఆ నివేదిక అంచనా వేసింది. ఇందులో తొక్కలు, ఎముకల వంటి తినని భాగాలు కూడా కలిసి ఉంటాయి కనుక 79 కిలోలనూ డబ్బుగా మార్చి చూడకూడదు. అయినా, దుకాణాలు, హోటళ్లు కలిసి పారేసేదానికంటే ఇళ్లలో పారేసేదే ఎక్కువన్న సంగతి మాత్రం స్పష్టం. ఆదా వెతకవలసిన చోటు కూడా అదే.

ఎన్నాళ్లకొకసారి కొనాలన్న ప్రశ్నకు నూరేళ్ల కిందటే ఒక జవాబు దొరికింది, అది వంటింటి కోసం పుట్టింది కాకపోయినా. ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు కర్మాగారాల్లో ఒక్కో విడతకు ఎంత సరుకు తయారుచేయాలన్న సమస్యను 1913లో ఒక సూత్రంగా కట్టాడు. ప్రతి విడతకూ కొంత స్థిరమైన ఖర్చు ఉంటుంది, విడత ఎంత పెద్దదైనా అది మారదు. నిల్వకు మరో ఖర్చు ఉంటుంది, నిల్వ పెరిగే కొద్దీ అది పెరుగుతుంది. విడతలు తగ్గిస్తే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది, పెంచితే తారుమారవుతుంది. రెండూ సమానమైన చోట మొత్తం ఖర్చు అత్యల్పం. ఇంటికి అన్వయిస్తే మొదటిది దారి ఖర్చు, సమయం, వెళ్లిన ప్రతిసారీ తప్పని అనవసరపు వస్తువులు. రెండోది నిల్వలో ఇరుక్కుపోయిన డబ్బు, స్థలం, పాడైపోయేవి.

ఈ సూత్రం నుంచి రెండు సంగతులు బయటపడతాయి. మొదటిది, సరైన ఎడం వెళ్లే ఖర్చుకు వర్గమూలంగా పెరుగుతుంది. అంటే దుకాణం నాలుగు రెట్లు దూరమై వెళ్లే ఖర్చు నాలుగు రెట్లయితే, ఎడం నాలుగు రెట్లు కాకుండా రెట్టింపే కావాలి. ఊరికి దూరంగా ఉన్నామని ఆరు నెలల సరుకు నింపుకోవడానికి ఈ లెక్క మద్దతివ్వదు. రెండోది మరీ ఉపయోగకరమైనది. అత్యల్ప బిందువు దగ్గర ఖర్చు గీత దాదాపు చదునుగా ఉంటుంది. ఒక ఇంటికి సరైన ఎడం పది రోజులనుకుంటే, పదిహేను రోజులకు ఒకసారి వెళ్లినా ఆ రెండు ఖర్చుల మొత్తం పెరిగేది 8 శాతం చిల్లర. ఇరవై రోజులకు వెళ్తే 25 శాతం, అయిదు రోజులకే వెళ్తే కూడా అదే 25 శాతం. ఈ శాతాలు వెళ్లే ఖర్చు, నిల్వ ఖర్చు అనే రెండింటికే వర్తిస్తాయి, సరుకుల అసలు ధరకు కాదు. కాబట్టి వారమా, పది రోజులా, పక్షమా అని తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. రోజు విడిచి రోజు వెళ్లడం నుంచి పది రోజుల దరిదాపుల్లోకి వస్తే లాభంలో చాలా భాగం వచ్చేసినట్టే. అక్కడి నుంచి నెలకు సాగదీసి కూడబెట్టేది ఏమీ ఉండకపోవచ్చు.

అయితే హారిస్ లెక్క నిల్వ ఖర్చు నిదానంగా, సమానంగా పెరుగుతుందని అనుకుంటుంది. ఇనుప సామానుకు అది నిజం. ఆకుకూరల విషయంలో మూడు రోజులపాటు నిల్వ ఖర్చు ఏమీ లేనట్టే ఉండి, నాలుగో రోజున మొత్తం సరుకు విలువంతా ఒక్కసారిగా పోతుంది. అందుకే అన్ని సరుకులకూ ఒకే ఎడం పెట్టుకోవడం పద్ధతి పరంగానే తప్పు. ధాన్యాలు, పప్పులు, ఉప్పు, చక్కెర, సబ్బులు, శుభ్రం చేసే సామగ్రి ఒక చక్రంలో నడవాలి. పాలు, ఆకుకూరలు, మెత్తటి పండ్లు, తాజా మాంసం ఇంకో చక్రంలో నడవాలి. రెండో చక్రం కోసం వెళ్లేటప్పుడు మొదటి చక్రం అరల వైపు పోకపోవడమే ఇందులో ఉన్న కిటుకు. తాజా సరుకులు మాత్రమే అమ్మే చోటు నడిచే దూరంలో ఉన్నవాళ్లకు ఇది తేలిక, ఒకే కప్పు కింద అన్నీ అమ్మే చోటికి వెళ్లవలసినవాళ్లకు కష్టం.

తాజా సరుకు ఎడాన్ని కొంత సాగదీయవచ్చు, హద్దు తెలిసి ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి ఫ్రిజ్ 5 డిగ్రీలకు లోపల, డీప్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. పెద్ద కొనుగోలు చేసిన రోజున ఫ్రిజ్‌ను కుక్కి నింపితే లోపల గాలి ఆడక చల్లదనం సమంగా అందదు, కొన్న మొదటి రోజే కొన్ని వస్తువుల ఆయుష్షు తగ్గుతుంది. ఆపిల్, అరటి, టమాటా వంటివి పండేటప్పుడు ఇథిలీన్ వాయువును వదులుతాయి. వాటి పక్కన పెట్టిన ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి. వండే వరుస కూడా ఎడంలో భాగమే. ఆకులు ముందు, మెత్తటి కూరగాయలు తరువాత, దుంపలు, ఎండు సరుకులు చివర. ఈ వరుస పాటించే ఇంట్లో ఎడం చివరి రోజులు గడ్డుగా అనిపించవు. ప్యాకెట్ల మీది తేదీల విషయంలోనూ కొంత వివేచన కావాలి. ‘బెస్ట్ బిఫోర్’ తేదీ నాణ్యతకు సంబంధించినది, అది దాటిన బిస్కెట్టు కాస్త మెత్తబడి ఉండవచ్చు. ‘యూజ్ బై’ తేదీ భద్రతకు సంబంధించినది, దాన్ని సాగదీయడం ఆదా అనిపించుకోదు.

ఒకేసారి ఎక్కువ కొనడంలో మరో చిక్కు ఉంది. నిల్వ ఎక్కువైతే వాడకం కూడా పెరుగుతుంది. కుసుమ్ ఐలవాడి, స్కాట్ నెస్లిన్ 1998లో పెరుగు, కెచప్ కొనుగోళ్లను పోల్చి చూశారు. ఇంట్లో నిల్వ పెరిగినప్పుడు పెరుగు తినడం బాగా వేగం పుంజుకుంది, కెచప్ వాడకంలో ఆ మార్పు చాలా తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. కొన్ని వస్తువులను ఎప్పుడైనా, ఎందుకైనా తినవచ్చు. కొన్నింటిని మరో వంటకంతో కలిపితే తప్ప వాడలేము. ఉప్పు రెండు ప్యాకెట్లు ఉన్నాయని కూరలో ఎవరూ రెట్టింపు వేయరు. చిరుతిండి రెండు ప్యాకెట్లు ఉంటే రెండూ అదే వారంలో అయిపోతాయి. పెద్ద ప్యాకెట్‌లో కిలోకు పడే ధర తక్కువే అయినా, రెట్టింపు వేగంతో తిన్నప్పుడు నెల ఖర్చు పెరుగుతుంది. అందువల్ల టోకుగా కొనవలసినవి ఎంత ఉన్నా వాడకం మారనివి. చిరుతిళ్లు, పానీయాలు, తీపి వస్తువులు కిలో ధర ఎక్కువైనా చిన్న మొత్తంలోనే కొనుక్కోవడం లాభం, అవి అయిపోతే తరువాతి చక్రందాకా ఆగడం ఇంకా లాభం. పొదుపు సలహాలు ఇచ్చేవాళ్లు కిలో ధర ఒక్కదాన్నే పట్టుకుని వేలాడటం వల్ల ఈ తేడా మరుగున పడింది.

చాలా రోజులకు ఒకేసారి ఎంచుకునేటప్పుడు మనిషి తన అభిరుచిని కూడా తప్పుగా అంచనా వేస్తాడు. ఇటమార్ సైమన్సన్ 1990లో చూపించినదాని ప్రకారం, రాబోయే రోజులకు కావలసినవన్నీ ఒకేసారి కూర్చుని ఎంచుకున్నవాళ్లు, ఏ రోజుకారోజు ఎంచుకున్నవాళ్లకంటే ఎక్కువ వైవిధ్యం కోరుకున్నారు. దుకాణంలో నిలబడి పది రోజుల భోజనాన్ని ఒక్క క్షణంలో ఊహించుకుంటే, ఒకే రకం మళ్లీ మళ్లీ తినాలంటే విసుగనిపిస్తుంది. తీరా ఇంటికి వచ్చాక రోజుకూ రోజుకూ మధ్య ఎడం ఉంటుంది కనుక నచ్చినదే మళ్లీ తినాలనిపిస్తుంది, మార్పు కోసం తెచ్చినవి అలాగే ఉండిపోతాయి. పెద్ద కొనుగోలు జాబితా, గత పది రోజుల్లో నిజంగా ఏం వండారన్న దాని మీద ఆధారపడాలి. వచ్చే పది రోజుల్లో ఏం వండాలని ఉందన్న ఊహ మీద ఆధారపడితే వంటింటి అరల్లో మూత తీయని సీసాలు పేరుకుంటాయి.

జాబితాను కొనడానికి వెళ్లే రోజున రాయడం కూడా సరైన పద్ధతి కాదు. గోదాముల్లో ‘రెండు పెట్టెల’ పద్ధతి అని ఒకటి వాడుకలో ఉంది. మొదటి పెట్టె ఖాళీ అయి రెండోది తెరిచిన క్షణమే ఆ వస్తువు జాబితాలోకి ఎక్కుతుంది. ఇంట్లో తరచు వాడే వస్తువులకు ఇదే చాలు. రెండో ప్యాకెట్ కత్తిరించినప్పుడు రాసుకున్నది తరువాతి కొనుగోలులో వస్తుంది, ఈలోగా రెండో ప్యాకెట్ ఉంటుంది కనుక వస్తువు నిండుకుని పరుగెత్తవలసిన అవస్థ రాదు. అయితే ఇలా రెండేసి ఉంచవలసినవి నిజంగా నిత్యం వాడే కొద్ది వస్తువులు మాత్రమే. అన్నిటికీ రెండో ప్యాకెట్ పెడితే నిల్వ రెట్టింపవుతుంది. ఈ రాసే పని సాధారణంగా ఇంట్లో ఒక్కరి నెత్తినే పడుతుంది, ఆ శ్రమను ఆదా లెక్కలో ఎవరూ చూపించరు.

ధరల విషయంలో తక్కువసార్లు వెళ్లేవాళ్లకు కొంత నష్టం ఉంది. వారం మధ్యలో వచ్చే తగ్గింపులు వాళ్లకు అందవు. తరచు వెళ్లేవాళ్లు ధర ఎక్కువున్న వారం మానేసి తగ్గిన వారం కొనుక్కోగలరు. డేవిడ్ బెల్, జేమ్స్ లాటిన్ 1998లో వివరించినట్టు, ఒకేసారి ఎక్కువ వస్తువులు కొనేవాళ్లకు తగ్గింపులతో ఎగిరిపడే ధరలుండే దుకాణంకంటే ఎప్పుడూ ఒకే తీరు తక్కువ ధరలుండే దుకాణం అనుకూలం. జాబితాలోని ముప్పై వస్తువుల్లో ఆ రోజు తగ్గింపు ఉన్నవి కొన్నే ఉంటాయి, మిగిలినవాటికి పూర్తి ధర కట్టాలి. ధరల జ్ఞాపకం మీద నమ్మకం పెట్టుకోవడం కూడా కుదరదు. పీటర్ డిక్సన్, అలన్ సాయర్ 1990లో ప్రచురించిన అధ్యయనంలో, వస్తువును అప్పుడే బండిలో వేసుకున్నవాళ్లను అడిగితే సగానికి పైగా దాని ధర సరిగా చెప్పలేకపోయారు. పది రోజులకొకసారి వెళ్లేవాళ్లకు గుర్తుండే అవకాశం ఇంకా తక్కువ కనుక, తరచు కొనే వస్తువుల కిలో ధరలను ఒక కాగితం మీదో ఫోన్‌లోనో రాసి పెట్టుకుంటే ‘ఆఫర్’ అని రాసిన చీటీ నిజమో కాదో తెలుస్తుంది.

ఈ పద్ధతి అందరికీ అందుబాటులో ఉన్నది కాదు. ఆదాయం పెరిగే కొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే గమనించాడు. సరుకుల ఆదా అన్నిటికంటే ఎక్కువగా అవసరమైనది తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకే. పది రోజుల సరుకు ఒకేసారి కొనడానికి కావలసిన రొక్కం చేతిలో ఉండనిదీ ఆ ఇళ్లలోనే. ఎసిమ్ ఓర్హున్, మైక్ పలాజోలో 2019లో ప్రచురించిన పరిశోధనకు టాయిలెట్ పేపర్‌ను ఎంచుకున్నారు. ఎంత నిల్వ ఉన్నా దాని వాడకం మారదు, పాడైపోదు. అటువంటి వస్తువును కూడా తక్కువ ఆదాయపు ఇళ్లు పెద్ద మొత్తంలోనో తగ్గింపు ఉన్నప్పుడో ముందుగా కొని పెట్టుకోలేకపోతున్నాయని, చేతిలో డబ్బు ఉన్న రోజుల్లో వాళ్ల ప్రవర్తన మారుతోందని ఆ పరిశోధన చూపింది. రోజుకూలీతో గడిపే ఇంట్లో ఏ రోజు సరుకు ఆ రోజు కొనడం ముందుచూపు లేకపోవడం వల్ల జరిగేది కాదు. అటువంటి ఇంటికి వచ్చే నెలంతా ఒక్కసారిగా కొనమనే సలహా పనికిరాదు. నెలకొక్క వస్తువు చొప్పున, చెడిపోనిదాన్ని ఎంచుకుని దాన్ని మాత్రం చిల్లర కొనుగోలు నుంచి తప్పించడం సాధ్యమైన మార్గం. దానివల్ల మిగిలినది మరుసటి వస్తువుకు పెట్టుబడి అవుతుంది.

ఇంటికే తెచ్చి ఇచ్చే ఆన్‌లైన్ దుకాణాలు ఈ లెక్కను తలకిందులు చేశాయి. వెళ్లే ఖర్చు సున్నాకు దగ్గరైనప్పుడు, హారిస్ సూత్రం ప్రకారమే, సరైన విడత కూడా చిన్నదైపోతుంది. నిమిషాల్లో వస్తుందంటే ఒక్క నిమ్మకాయ కోసం కూడా ఆర్డర్ పెట్టవచ్చు. పైకి ఇది పారబోతను తగ్గించే సౌకర్యమే. కానీ అనవసరపు వస్తువులు కూడా అదే వేగంతో వస్తాయి, ఉచిత డెలివరీకి కావలసిన కనీస మొత్తం చేరడానికి మరో రెండు వస్తువులు కలుస్తాయి. అన్నిటికీ మించి, మిగిలినవాటితో సరిపెట్టుకునే ఆ ఎడమే మాయమవుతుంది. క్యాథరిన్ మిల్క్‌మన్, టాడ్ రోజర్స్, మ్యాక్స్ బేజర్‌మన్ ఒక ఆన్‌లైన్ కిరాణా సంస్థ లెక్కలను పరిశీలించి 2010లో వెల్లడించిన ఫలితం ఇక్కడ పనికొస్తుంది. ఆర్డర్ ఇచ్చిన రోజుకూ సరుకు అందే రోజుకూ మధ్య వ్యవధి పెరిగే కొద్దీ, మొత్తం మీద, కొనుగోలుదారులు తక్కువ ఖర్చు చేశారు, కూరగాయల వంటివాటి వాటా పెరిగింది, ఐస్‌క్రీమ్ వంటివాటి వాటా తగ్గింది. రేపటికీ ఎల్లుండికీ మధ్య మాత్రం ఆ తేడా అలా కనిపించలేదు. ఫోన్‌లో కొనేవాళ్లు వెళ్లే సార్లకు బదులు ఆర్డర్ల సంఖ్యను లెక్కపెట్టుకుని, వారానికొక ఆర్డర్‌ను కొన్ని రోజుల తరువాతి డెలివరీకి పెట్టుకుంటే దుకాణానికి వెళ్లేవాళ్లు పొందే ప్రయోజనమే దాదాపుగా దొరుకుతుంది.

చివరగా, ఆదా అయిందో లేదో తేల్చుకునే పద్ధతిలోనే చాలామంది పొరపడతారు. సార్లు తగ్గించగానే ఒక్కో బిల్లు పెద్దదవుతుంది, అది చూసి బెంబేలెత్తి పద్ధతి మానేసేవాళ్లు ఉంటారు. లెక్క బిల్లుకు కాదు, నెలకు వేయాలి. మొదటి నెల లెక్క కూడా నమ్మదగినది కాదు. వంటింటి అరల్లో అదివరకే ఉన్న నిల్వను తింటూ గడిపిన నెలలో ఖర్చు బాగా తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ అది ఒక్కసారికే దొరికే లాభం, నిల్వ తరిగాక మళ్లీ రాదు. ఇందుకు విరుద్ధంగా, వారం చక్రం నుంచి నెల చక్రానికి మారిన ఇంట్లో సగటు నిల్వ మూడున్నర రోజుల వాడకం నుంచి పదిహేను రోజుల వాడకానికి పెరుగుతుంది. ఆ తేడా అయిన పదకొండున్నర రోజుల ఖర్చు మొదటి నెలలోనే అదనంగా పడి, పద్ధతి విఫలమైనట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఖర్చు కాదు, అరల్లో ఉన్న డబ్బు. ఈ రెండు భ్రమలూ తొలగాలంటే కనీసం మూడు నెలల మొత్తాన్ని అంతకుముందు మూడు నెలల మొత్తంతో పోల్చాలి, ఆరంభంలోనూ చివరలోనూ అరల్లో ఉన్న నిల్వను ఉజ్జాయింపుగానైనా లెక్కలోకి తీసుకోవాలి. పక్కన పారేసినవాటి జాబితా ఒకటి ఉంచుకుంటే ఏ వస్తువుకు ఎడం ఎక్కువైందో, దేనికి ఇంకా సాగదీయవచ్చో అందులోనే తెలుస్తుంది. పారేసినవి పెరుగుతుంటే చక్రం పొడవు తగ్గించాలి, మధ్యలో అత్యవసరపు పరుగులు పెరుగుతుంటే జాబితాను సరిదిద్దుకోవాలి.